పందెం ఎద్దుల ప్రయాణం.. సొంత బండైనా నిబంధనలు తప్పవు

కొలిమిగుండ్ల: తిరునాళ్ల కాలం వచ్చిందంటే బెలుం గుహల మీదుగా సాగే దారుల్లో ఒక దృశ్యం తరచూ కనిపిస్తుంది. సిమెంటు లారీల నడుమ ఓ చిన్న బొలేరో బండి, దాని వెనుక మెడలో గంటలు, కొమ్ములకు రంగులతో ఒంగోలు జాతి ఎద్దుల జత, వాటి పక్కనే పలుపులు పట్టుకుని నిలబడిన నలుగురైదుగురు యువకులు. తాడిపత్రి వైపు నుంచి కోవెలకుంట్లకో, బనగానపల్లెకో బండలాగుడు పోటీలకు వెళ్లే జతలవి. పాలపళ్ల విభాగం మొదలు సీనియర్స్ వరకు ఒక్కో జతపై యజమాని లక్షల రూపాయలు వెచ్చిస్తాడు. మేత, ఉలవలు, పాలు, శిక్షణ వంటి విషయాల్లో ఎక్కడా లోటు రానివ్వడు. ఆ జత ఎక్కిన వాహనం కాగితాల విషయంలో మాత్రం అంత శ్రద్ధ కనిపించదు. ‘మా ఎద్దులు, మా బండి, బాడుగ తీసుకోవడం లేదు కదా. ఇక పర్మిటెందుకు?’ అన్నది ఎక్కువ మంది ధోరణి. చట్టం మాత్రం ఈ వాదనను అంగీకరించదు. రోడ్డుపై అనుకోని సంఘటన జరిగిన రోజున ఈ తేడా ఒక కుటుంబాన్ని అప్పులపాలు చేయగలదు.

పోటీల నిర్వహణ చట్టబద్ధత వేరే అంశం. ఎద్దులను ప్రదర్శన జంతువులుగా వాడరాదని సుప్రీంకోర్టు 2014 మే 7న తీర్పునిచ్చింది. ఆ తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. ఈ కథనం ఎద్దుల రవాణాకు, అందుకు వాడే వాహనానికి మాత్రమే పరిమితం.

చట్టం దృష్టిలో ఎద్దు కూడా సరకే

మోటారు వాహనాల చట్టం-1988లోని రెండో సెక్షన్ ‘సరకు’ అన్న మాటకు అర్థం చెబుతూ పశువులను స్పష్టంగా అందులో చేర్చింది. కారులో ప్రయాణికుడు వెంట తీసుకెళ్లే సామాను, సొంత వస్తువులకు మినహాయింపు ఇచ్చింది గానీ పశువులకు ఇవ్వలేదు. అదే సెక్షన్ ప్రకారం సరకు మోయడానికి తయారైన వాహనమే కాదు, అందుకోసం తయారు కాకపోయినా సరకు మోయడానికి వాడిన ఏ వాహనమైనా ‘సరకు రవాణా వాహనమే’ అవుతుంది. సరకు రవాణా వాహనం రవాణా వాహనాల కోవలోకి వస్తుంది. కనుక తెల్ల నంబరు ప్లేటు ఉన్న సొంత బండిలో ఎద్దులను ఎక్కించిన మరుక్షణం ఆ బండిని రవాణా వాహనంగా వాడినట్లే లెక్క. బాడుగ తీసుకున్నారా, లేదా అన్న ప్రశ్న ఇక్కడ రాదు.

పెద్దవయసు వారికి ఒక పాత విషయం గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు లారీల నుదుటిపై ‘పబ్లిక్ క్యారియర్’ అని రాసి ఉండేది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో బాడుగకు తిప్పే లారీకి ఒక పర్మిట్, సొంత సరకు మోసుకునే లారీకి ‘ప్రైవేట్ క్యారియర్’ పేరుతో మరో పర్మిట్ ఉండేవి. 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ఈ తేడాను తొలగించింది. ‘సొంతానికే కదా’ అన్న మాట ఆ పాత కాలం నుంచి నోళ్లలో మిగిలిపోయింది. నిజానికి ఆ పాత చట్టంలోనూ సొంత సరకుకు పర్మిట్ తప్పనిసరిగానే ఉండేది.

మూడు వేల కిలోల గీత

అలాగని ప్రతి చిన్న బండికీ పర్మిట్ అక్కర్లేదు. సెక్షన్ 66 ప్రకారం రవాణా వాహనాలన్నింటికీ పర్మిట్ ఉండాలి. అయితే మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనాలకు అదే సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ మొత్తం బరువంటే ఖాళీ బండి, అది మోయగలిగిన సరకు కలిపి తయారీదారు నిర్ణయించి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన బరువు. చూడటానికి ఒకేలా ఉండే పికప్ వాహనాల్లో కొన్ని ఈ గీతకు దిగువన, మరికొన్ని ఎగువన ఉంటాయి. కంపెనీ పేరు చూసి నిర్ణయించుకోకుండా పత్రంలోని అంకె చూసుకోవాలి.

మినహాయింపు పర్మిట్‌కు మాత్రమే. సరకు వాహనంగా రిజిస్ట్రేషన్, పసుపు ప్లేటుపై నల్ల అక్షరాలు, ఫిట్‌నెస్ ధ్రువపత్రం, పన్ను, బీమా, కాలుష్య నియంత్రణ పత్రం ఎంత చిన్న బండికైనా తప్పవు. ఫిట్‌నెస్‌ను బండికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించుకోవాలి.

అదే పత్రంలో మరో లెక్క కూడా ఉంటుంది. మొత్తం బరువులో నుంచి ఖాళీ బండి బరువు తీసివేస్తే మిగిలేదే ఆ బండి మోయదగిన బరువు. ఎదిగిన ఒంగోలు ఎద్దు ఒక్కటే 500 కిలోల పైమాటే. జత అంటే టన్ను దాటుతుంది. వాటికి మేత, నీళ్ల డ్రమ్ము, మనుషులు తోడు. ముప్పావు టన్ను మోసే చిన్న బండిలో జతను ఎక్కిస్తే అది అధిక బరువు నేరమే అవుతుంది. వంకర దారుల్లో, వంతెనల దగ్గర బండి అదుపు తప్పడానికీ అదే కారణమవుతుంది.

లైసెన్సు ఏది సరిపోతుంది?

ఈ విషయంలో చాలాకాలం అయోమయం ఉండేది. సాధారణ కారు లైసెన్సు ఉన్నవారు పసుపు ప్లేటు పికప్ నడిపితే చెల్లదని బీమా సంస్థలు వాదించేవి. 2017 జులై 3న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. తేలికపాటి మోటారు వాహన లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని నడపవచ్చని, వేరుగా అనుమతి అక్కర్లేదని చెప్పింది. బీమా సంస్థలు దానిని తిరిగి పరిశీలించాలని కోరగా, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై.చంద్రచూడ్ నేతృత్వంలోని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న అదే మాటను ఖాయం చేసింది.

కాబట్టి సాధారణ పికప్ వాహనానికి తేలికపాటి వాహన లైసెన్సు చాలు. రెండు, మూడు జతలను కలిపి ఐచర్ వంటి పెద్ద వాహనంలో తీసుకెళ్లేవారు మాత్రం బరువు చూసుకోవాలి. 7,500 కిలోలు దాటితే రవాణా వాహన లైసెన్సు ఉన్న డ్రైవరే ఉండాలి. ఆ లైసెన్సును ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ట్రాక్టరు ట్రాలీలో తీసుకెళితే..

పల్లెల్లో దగ్గర ఊళ్ల పోటీలకు ట్రాక్టరు ట్రాలీనే వాడతారు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి వ్యవసాయ ట్రాక్టరును రవాణాయేతర వాహనంగా గుర్తించింది. పొలం పనులకు, వ్యవసాయ సామగ్రి తరలింపునకు అన్నది దాని ప్రయోజనం. నగదు బహుమతి ఉన్న పోటీకి ఎద్దులను తీసుకెళ్లడం వ్యవసాయ పనేనని నిరూపించుకోవాల్సిన భారం చివరకు యజమానిపైనే పడుతుంది. పైగా ట్రాలీకి వేరుగా రిజిస్ట్రేషన్, బీమా ఉండాలి. ట్రాక్టరుకు మాత్రమే బీమా చేయించి ట్రాలీని వదిలేయడం చాలాచోట్ల కనిపించే లోపం.

ఎద్దుకు రెండు చదరపు మీటర్ల జాగా

బండి కాగితాలు సరిగా ఉన్నా పశువుల రవాణాకు ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. పశు రవాణా నిబంధనలు-1978 ప్రకారం ప్రయాణానికి తగిన ఆరోగ్యంతో ఉన్నాయని, అంటువ్యాధులు లేవని పశువైద్యుడు ఇచ్చిన ధ్రువపత్రం వెంట ఉండాలి. ప్రథమ చికిత్స సామగ్రి, తగినంత మేత, నీరు, ఒక సంరక్షకుడు బండిలో ఉండాలి. కాళ్లు జారకుండా నేలపై కొబ్బరిపీచు పట్టా గానీ చెక్కలు గానీ పరవాలి. ఒక వాహనంలో ఆరింటికి మించి పశువులను ఎక్కించరాదు. వాటితో పాటు వేరే సరకు వేయరాదు. బెదరకుండా వాటి తలలు ఇంజిను వైపు ఉండేలా నిలపడం మంచిదని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి. 2001లో చేసిన సవరణ ప్రకారం చట్టాలన్నీ పాటించినట్లు అధీకృత అధికారి లేదా గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం కూడా ముందే తీసుకోవాలి.

2016 జనవరి 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 125-ఈ నిబంధన అమల్లోకి వచ్చింది. పశువులను తరలించే వాహనంలో ఒక్కో పశువుకు వేరుగా గట్టి అడ్డుగోడ ఉండాలని, ఆవులు, గేదెలకైతే ఒక్కోదానికి రెండు చదరపు మీటర్ల జాగా ఉండాలని అది నిర్దేశించింది. రెండు చదరపు మీటర్లంటే సుమారు 21.5 చదరపు అడుగులు. తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న బండి బాడీలో 49.5 చదరపు అడుగుల జాగా ఉంటుంది. అంటే అందులో ఒక జతకు చోటు సరిపోతుంది, మూడో ఎద్దుకు సరిపోదు.

బండికి ఎత్తుగా ఇనుప పైపులు వెల్డింగ్ చేయించుకునేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. బాడీ ఎత్తు తక్కువగా ఉంటే పెంచాలని పశు రవాణా నిబంధనలే చెబుతున్నాయి. అయితే ఆ మార్పును రవాణా శాఖ అనుమతితో చేయించి, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయించుకోవాలి. అనుమతి లేని మార్పునకు ఒక్కో దానికి రూ.5,000 జరిమానా గానీ ఆరు నెలల వరకు జైలు గానీ విధించే వీలుంది.

ప్రమాదం జరిగితే దిక్కెవరు?

అసలు ముప్పు ఇక్కడే ఉంది. పర్మిట్ లేని రవాణా వాహనం ప్రమాదానికి కారణమైతే బీమా సంస్థ బాధ్యత నుంచి తప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2004లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే తేల్చింది. బాధితులకు ముందుగా బీమా సంస్థ చెల్లించి, ఆ మొత్తాన్ని వాహన యజమాని నుంచి రాబట్టుకోవచ్చని ఆదేశించింది. 2018లో మరో కేసులోనూ ఇదే వైఖరి తీసుకుంది. బాధితుడికి పరిహారం అందినా, చివరకు ఆ భారం యజమాని పొలం మీదకో, ఇంటి మీదకో వస్తుందన్నమాట.

ఎద్దుల పక్కన నిలబడి వెళ్లే యువకుల పరిస్థితి మరింత ఆందోళనకరం. సరకు వాహనంలో సరకు యజమానికి లేదా అతని ప్రతినిధికి మాత్రమే చట్టం బీమా రక్షణ కల్పించింది. ఊరికే వెంట వెళ్లేవారికి ఆ రక్షణ వర్తించదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పోటీ చూడాలన్న ఉత్సాహంతో బండి ఎక్కిన కుర్రాడికి ఏదైనా జరిగితే బీమా సంస్థ నుంచి ఏమీ రాకపోవచ్చు.

ఎద్దుల సంగతీ అంతే. మూడో పక్షం బీమా ఎదుటివారి నష్టానికి మాత్రమే. బండిలో ఉన్న సొంత జత మూడో పక్షం ఆస్తి కాదు. వాటికి పశువుల బీమా వేరుగా చేయించుకుంటే తప్ప లక్షల విలువైన జత పోయినా పరిహారం అందదు.

పట్టుబడితే..

2019లో సవరించిన చట్టం ప్రకారం పర్మిట్ లేకుండా తిప్పితే మొదటిసారే రూ.10,000 జరిమానాతో పాటు ఆరు నెలల వరకు జైలుశిక్షకు అవకాశం ఉంది. అధిక బరువుకు రూ.20,000, అదనపు టన్ను ఒక్కింటికి రూ.2,000 చొప్పున జరిమానా ఉంటుంది. లైసెన్సు లేకుండా నడిపితే రూ.5,000, బీమా లేకుంటే మొదటిసారి రూ.2,000. రాజీ రుసుమును రాష్ట్ర ప్రభుత్వం సెక్షన్ 200 కింద నిర్ణయిస్తుంది.

జంతు హింస నివారణ చట్టం-1960 కింద పశువులను బాధ కలిగేలా తరలిస్తే మొదటి నేరానికి జరిమానా కేవలం పది నుంచి యాభై రూపాయలు. ఇది చూసి తేలికగా తీసుకోరాదు. 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం కేసు తేలేవరకు స్వాధీనం చేసుకున్న పశువులను గోశాల వంటి చోట ఉంచవచ్చు. వాటి పోషణ, వైద్యం ఖర్చు వాహన యజమాని, పశువుల యజమాని కలిసి భరించాలి. ఆ ఖర్చుకు హామీగా వాహనాన్ని అట్టిపెట్టుకోవచ్చు. రోజూ లెక్క ప్రకారం మేపే పందెం జత కొన్ని వారాలు కొత్త చోట ఉంటే ఆ ఏడాది పోటీలకు దూరమైనట్లే. వధశాలకు తరలిస్తున్నారన్న అనుమానంతో బండిని ఆపే సందర్భాలూ ఉంటాయి కనుక ఎద్దుల యాజమాన్యాన్ని తెలిపే కాగితం వెంట ఉండటం అవసరం.

రేసు కార్లకూ ఇదే చిక్కు

ఈ సమస్య ఎద్దుల యజమానులకు మాత్రమే పరిమితం కాదు. తమిళనాడులోని ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు ట్రాకుల్లో పరుగెత్తే రేసు కార్లకు రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. రిజిస్టరు కాని వాహనం రోడ్డెక్కరాదు కాబట్టి వాటిని కూడా మరో బండిపై ఎక్కించుకునే వెళ్లాలి. అప్పుడు ఆ కారు కూడా సరకు కిందికే వస్తుంది.

అమెరికాలో దీనికి వేరే పద్ధతి ఉంది. సరదా కోసం రేసు కారునో, పందెం గుర్రాన్నో సొంతంగా తీసుకెళ్లేవారికి కేంద్ర వాణిజ్య వాహన నిబంధనల నుంచి మినహాయింపు లభిస్తుంది. అయితే గెలిచిన సొమ్మును మామూలు ఆదాయంగా చూపాలి, ఖర్చులను వ్యాపార ఖర్చులుగా చూపరాదు, కంపెనీల ప్రాయోజకత్వం ఉండరాదు. మన చట్టంలో సరదాకు, వ్యాపారానికి మధ్య ఇటువంటి గీత లేదు. పోటీలు మన ప్రాంతంలో ఎంత అభిమానంతో సాగుతున్నా రవాణా అధికారి చూసేది బండిని, బరువును, కాగితాలనే.

బయలుదేరే ముందు..

తెలంగాణ, కర్ణాటక పోటీలకు వెళ్లేవారు 3,000 కిలోలు మించిన బండి అయితే మన రాష్ట్ర పర్మిట్ అక్కడ చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి. నేషనల్ పర్మిట్ లేనివారు సెక్షన్ 87 కింద నాలుగు నెలలకు మించని తాత్కాలిక పర్మిట్ పొందవచ్చు. వెంట ఉంచుకోవాల్సినవి ఇవి:

- రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా, పన్ను, కాలుష్య నియంత్రణ పత్రాలు, అవసరమైతే పర్మిట్
- బండి బరువుకు తగిన లైసెన్సు ఉన్న డ్రైవరు
- పశువైద్యుడి ధ్రువపత్రం, రవాణా ధ్రువపత్రం, ఎద్దుల యాజమాన్యం తెలిపే కాగితం
- పంపేవారు, అందుకునేవారి పేర్లు, చిరునామాలు, పశువుల సంఖ్య, మేత వివరాలతో చీటీ
- ప్రథమ చికిత్స పెట్టె, మేత, నీరు, నేలపై పట్టా

వాహన పత్రాలను డిజిలాకర్, ఎం-పరివాహన్ యాప్‌లలో చూపినా చెల్లుతుంది. సందేహాలుంటే రవాణా శాఖ కార్యాలయంలో రిజిస్ట్రేషన్ పత్రం చూపి అడిగితే తమ బండికి పర్మిట్ కావాలో వద్దో తెలుసుకోవచ్చు. వెంట వచ్చే యువకులను మాత్రం ఎద్దుల పక్కన కాకుండా వేరే వాహనంలో పంపడం అన్నిటికన్నా ముఖ్యం.