ఒకే నంబరు, ముప్ఫై ఇళ్లు



రాజపాలయం అనగానే మీలో కొందరికి ఆ ఊరి తెల్లటి వేటకుక్కలు గుర్తుకు రావచ్చు, కొందరికి నూలు మిల్లులు. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాన ఉంది ఆ ఊరు. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడే రాజుల కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. ఈ రెండు భాషల సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరపడుతుంది.

అలాంటి ఊళ్లలో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చేవారు చాలాచోట్ల ఒకప్పటి కేబుల్ టీవీ ఆపరేటర్లే. వారి కష్టాలు కొన్ని అందరికీ కనిపిస్తాయి. ఆషాఢంలో కొండల మీది నుంచి దిగే గాలికి స్తంభం మీది తీగ తెగుతుంది. రోడ్డు తవ్వినవాడు చెప్పకుండా తవ్వుతాడు. కరెంటు పోతే బ్యాటరీలు నాలుగు గంటలకు మించి నిలవవు. ఇవన్నీ నిచ్చెన వేసుకుని బాగుచేసే జబ్బులు. నిచ్చెనకు అందని జబ్బు ఒకటుంది. అది నంబర్ల కరువు.

ఇంటర్నెట్‌లో మాట్లాడుకునే ప్రతి యంత్రానికీ ఒక నంబరు కావాలి. దాన్నే ఐపీ అడ్రసు అంటారు. 1980 దశకం మొదట్లో ఖాయం చేసిన ఐపీవీ4 పద్ధతిలో మొత్తం నంబర్లు సుమారు 430 కోట్లు. అప్పటికి అది సముద్రమంత. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ కొట్టులోని చివరి మూటలు పంచేశారు. ఆసియా, పసిఫిక్ దేశాలకు నంబర్లు పంచే సంస్థ ఏప్‌నిక్, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. అదే ఏడాది ఏప్రిల్ 15 నుంచి అక్కడ రేషన్ మొదలైంది. ఒక్కో సంస్థకు 1,024 నంబర్లు, అంతే. 2019లో కొత్తగా వచ్చేవారికి దాన్ని 512కు దించారు. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, ప్రైవేటు సంస్థలకు తలుపు తెరిచింది 1998 నవంబరులో. ముందు వచ్చిన పెద్ద సంస్థలకు నంబర్లు పుష్కలంగా దక్కాయి. పంక్తిలో చివర కూర్చున్న చిన్న ఊరి ఆపరేటరుకు దక్కింది గిన్నె అడుగున మిగిలినది.

అతని దగ్గర 256 నంబర్లు, ఎనిమిది వేల ఇళ్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో నంబరును ముప్ఫైకి పైగా ఇళ్లు పంచుకోవాలి. ఎలా? పి.ఎ.సి. రామసామి రాజా 1936లో స్థాపించిన రాజపాలయం మిల్లు వంటి మిల్లుల పాత రోజులు తలచుకోండి. అలాంటిచోట బయటి టెలిఫోను నంబరు ఒకటి, లోపల బల్లబల్లకూ ఫోను. మధ్యలో స్విచ్‌బోర్డు దగ్గర కూర్చున్నవారు ఎవరి మాట ఎవరిదో కలుపుతారు. ఇప్పుడు ఆ పని ఆపరేటరు గదిలోని ఒక పెట్టె చేస్తుంది. దాన్ని సీజీ నాట్ అంటారు. ప్రతి సంభాషణకూ అది ఒక చీటీ సంఖ్య ఇస్తుంది. దాని పేరు పోర్టు. ఒక్కో నంబరు కింద 65,536 చీటీలు. ముప్ఫై ఇళ్లు పంచుకుంటే ఇంటికి రెండు వేల చిల్లర. చాలదా అంటారేమో. ఒక్క వార్తల పేజీ తెరిస్తేనే పదుల చీటీలు ఖర్చవుతాయి. ఐదు ఫోన్లు, ఒక టీవీ ఉన్న ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి సగం బొమ్మలు వచ్చి సగం రాకపోతే, తప్పు ఒక్కోసారి తీగది కాదు, చీటీలది.

ఇంకో చిక్కుంది. లోపలివాళ్లు బయటికి ఫోను చేయగలరు గాని, బయటివాళ్లు నేరుగా లోపలి బల్లకు చేయలేరు. కనుక దుకాణంలో పెట్టిన పాత తరహా కెమెరా పెట్టెను చెన్నై నుంచి చూడాలంటే కుదరదు. ముప్ఫై ఇళ్లలో ఒకడు అల్లరి చేస్తే వెబ్‌సైటు నంబరునంతటినీ అనుమానిస్తుంది. మీరు రోబోవా, మనిషా అని ఊరికే నిలదీస్తుంది.

అసలు భయం నేరం జరిగినప్పుడు. పోలీసులు ఫలానా నంబరు, ఫలానా సమయం అని అడిగితే ఆపరేటరు చూపగలిగేది ముప్ఫై తలుపులు. చీటీ సంఖ్య కూడా చెబితేనే ఇల్లు తేలుతుంది. సర్వర్లు ఆ సంఖ్యను కూడా రాసిపెట్టుకోవాలని ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం ఒకటి 2011లోనే సూచించింది. అన్నీ రాసుకోవు. ఇక ఆపరేటరు తన వైపు లెక్కలను కనీసం రెండేళ్లు దాచాలని 2021 డిసెంబరులో టెలికాం శాఖ లైసెన్సు నిబంధన మార్చింది. చీటీల లెక్క కొండలా పెరుగుతుంది, దాచే డిస్కుల ఖర్చు చిన్నవాడిదే.

మరి దారి? ఐపీవీ6. అందులో నంబర్లకు కొరతే లేదు. ఆపరేటర్ల వాదమంతా ఇక్కడే. ఒకరంటారు: "ఖాతాదారు అడిగాడా? పాత రౌటర్లు మార్చాలి, కుర్రాళ్లకు నేర్పాలి, నాట్ నడుస్తోందిగా." రెండోవారంటారు: "నాట్ పెట్టె కొన్నకొద్దీ ఇంకా పెద్దది కావాలి, ఆ డబ్బు ఎప్పుడు ఆగుతుంది?" నాకు రెండో మాటే సబబనిపిస్తుంది. అయితే మొదటివారిని సోమరులనలేను. పాత సైట్లు ఐపీవీ4 ఒక్కటే మాట్లాడతాయి. కొత్త భాష ఒక్కటే వచ్చినవాడు దుబాసీ లేకుండా వాటితో మాట్లాడలేడు.

అందుకే రెండూ కలిపి నడుపుతారు. రాజపాలయం రాజుల ఇళ్లలాగా ఎదుటివారిని బట్టి తెలుగో తమిళమో. గూగుల్, యూట్యూబ్, ఫేస్‌బుక్ వంటివి ఐపీవీ6లోనే జవాబిస్తాయి కాబట్టి చీటీల మీది బరువు చాలావరకు దిగిపోతుంది. 2016 సెప్టెంబరులో సేవలు మొదలుపెట్టిన జియో ఐపీవీ6ను పెద్ద ఎత్తున వాడింది. ఈనాడు మన దేశంలో సగానికి పైగా వాడకందారులు, తెలిసో తెలియకో, ఐపీవీ6 మీదే ఉన్నారు. వెనకబడింది ఎక్కువగా చిన్న ఊళ్ల తీగ కనెక్షన్లే.

మీ ఇంటి సంగతి తెలుసుకోవడం కష్టం కాదు. రౌటరు పేజీ తెరిచి వ్యాన్ అడ్రసు చూడండి. మొదటి అంకె 100 అయి, రెండోది 64 నుంచి 127 లోపల ఉంటే, 2012లో ఇలాంటి పంపకం కోసమే కేటాయించిన నంబరు అది. మీరూ స్విచ్‌బోర్డు వెనకే ఉన్నారు. తర్వాత అదే పేజీలో ఐపీవీ6 అనే వరుస వెతకండి. అది మూసి ఉంటే, నెల డబ్బు కట్టేటప్పుడు ఆపరేటరుగారిని ఎందుకని అడగండి. పది మంది అడిగితే, ఖాతాదారు అడగలేదనే మాట ఆయనకు మిగలదు.