అమ్మల దుఃఖానికి ఒక పాట

భాష తెలియని పాట మనకెందుకులే అనుకుంటాం. కానీ పోలండ్ దేశపు హెన్రిక్ గొరెట్స్కీ (1933-2010) కూర్చిన మూడవ సింఫనీ ఒక్కసారి విని చూడండి. దాన్ని 'శోక గీతాల సింఫనీ' అంటారు. 1976లో రాశారు.

ఇందులో ఉన్నవి మూడే పాటలు. మూడూ తల్లీబిడ్డల ఎడబాటు గురించినవే. మొదటిది, కన్నకొడుకు ప్రాణం పోతుంటే మేరీమాత పడ్డ వేదన. రెండవది, 1944లో జకోపానె అనే ఊళ్ళో నాజీల చెరలో ఉన్న 18 ఏళ్ళ పిల్ల గోడమీద రాసుకున్న మాటలు. తన ప్రాణానికే దిక్కు లేనిచోట ఆ పిల్ల అమ్మని ఏడవొద్దంది చూడండి! మూడవది, పోరులో పోయిన కొడుకుని ఎక్కడ పాతిపెట్టారో తెలియక వెతుక్కునే తల్లి పాడే జానపదం. గొరెట్స్కీకి రెండేళ్ళప్పుడే తల్లి పోయింది.

డాన్ అప్‌షా పాడగా, డేవిడ్ జిన్‌మన్ నిర్వహణలో లండన్ సిన్‌ఫొనియెట్టా వాయించిన రికార్డు 1992లో వచ్చింది. కొత్త శాస్త్రీయ సంగీతాన్ని కొనేవాళ్ళే తక్కువ. అలాంటిది ఇది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది!

వినడానికి దాదాపు గంట పడుతుంది. పొయ్యి మీద కూర పెట్టి వినేది కాదు. పనులన్నీ అయ్యాక కూర్చోండి. మొదట పెద్ద తీగవాయిద్యాలు వినీ వినపడనట్టు మొదలవుతాయి. విసుగుపడి ఆపెయ్యకండి. పది నిమిషాలు దాటాక గానీ ఆడగొంతు రాదు. వచ్చాక మాత్రం అర్థం అడగాలనిపించదు. తల్లి ఏడుపుకి తర్జుమా ఎందుకు?