రాని దావాకు జడిసి: థియోరా కథ

కంపెనీలు డబ్బు పోసి తయారుచేసుకున్న సాంకేతికతను ఊరికే ఇచ్చేయడం అరుదు. అమెరికాకు చెందిన ఆన్2 టెక్నాలజీస్ 2001లో ఆ పని చేసింది. వీపీ3 అనే తన వీడియో కోడెక్ సోర్స్ కోడ్‌ను బయటపెట్టి, దాని మీద తనకున్న పేటెంట్లకు ఎవరినీ ఎన్నడూ రాయల్టీ అడగనని రాసిచ్చింది. దాన్ని జిఫ్.ఆర్గ్ ఫౌండేషన్ చేరదీసి, సానపట్టి, థియోరా అని పేరుపెట్టింది.

కోడెక్ చేసే పనేమిటో చూద్దాం. 640 పిక్సెళ్ల వెడల్పు, 480 పిక్సెళ్ల ఎత్తుతో సెకనుకు 25 బొమ్మలు కదిలే వీడియోను ఉన్నదున్నట్టు దాస్తే, ఒక్క సెకనుకే 23 మెగాబైట్లు కావాలి. అందుకని కోడెక్ ముందు బొమ్మను చిన్న చిన్న గళ్లుగా కోస్తుంది. కిందటి బొమ్మతో పోలిస్తే మారని గడిని వదిలేస్తుంది, జరిగిన గడికి ఎటు ఎంత జరిగిందో మాత్రం రాసుకుంటుంది, కొత్తదైతే కంటికి ఆనని వివరాలను తీసేసి కుదిస్తుంది. థియోరాలో ఒక్కో గడి 8×8 పిక్సెళ్లు. అలాంటి పదహారు గళ్లు కలిస్తే ఒక పెద్ద గడి. ఆ పదహారింటినీ వరసలుగా కాకుండా, గణితంలోని హిల్బర్ట్ వక్రరేఖ వెంట మెలికలు తిరుగుతూ చదువుతుంది. అలా చదివితే పక్కపక్క గళ్లు ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. గళ్లుగా కోయడం, కదలిక లెక్కించడం, కుదించడం దాదాపు ప్రతి కోడెక్‌లోనూ ఉండేవే. వీటిలో ఏ చిన్న ఉపాయం మీద ఎవరికి పేటెంట్ ఉందో పూర్తిగా తేల్చిచెప్పగలిగినవాడు లేడు. పొలం అమ్మినవాడు నిఖార్సైన దస్తావేజే రాసిచ్చినా, పదేళ్లకు దూరపు దాయాది ఎవరో వచ్చి వాటా అడగవచ్చు. థియోరాకు ఆన్2 ఇచ్చిన హామీ ఆ దస్తావేజు లాంటిదే.

వెబ్ పేజీలో బొమ్మ పెట్టినంత తేలిగ్గా వీడియో పెట్టే ట్యాగ్‌ను 2007లో బ్రౌజర్ సంస్థ ఒపెరా ప్రతిపాదించింది. హెచ్‌టీఎంఎల్5 అనే వెబ్ ప్రమాణపు ముసాయిదాలో బ్రౌజర్లన్నీ థియోరాను ఆడించాలన్న సిఫార్సు చేరింది. తప్పనిసరి కాదు, సిఫార్సే. దానికే నోకియా, ఆపిల్ అభ్యంతరం చెప్పాయి. ఎక్కడో దాగి ఉన్న పేటెంట్‌దారు, పెద్ద కంపెనీలు థియోరాను వాడడం మొదలెట్టాక బయటికొస్తే ఎలా అన్నది ఆపిల్ వాదన.

ఆ భయం ఉత్తదేమీ కాదు. ఎంపీ3 కోసం ఫ్రాన్‌హోఫర్ సంస్థకు 1.6 కోట్ల డాలర్లు కట్టి లైసెన్స్ తీసుకున్న మైక్రోసాఫ్ట్ మీద, ఎంపీ3 పేటెంట్లు మావి అంటూ ఆల్కాటెల్-లూసెంట్ కోర్టుకెక్కింది. 2007 ఫిబ్రవరిలో జ్యూరీ 152 కోట్ల డాలర్ల పరిహారం విధించింది. ఆ తీర్పును జడ్జి ఆగస్టులో కొట్టేసినా, అదిరిన గుండెలు కుదుటపడలేదు. డిసెంబరులో ముసాయిదా నుంచి థియోరా వాక్యం ఎగిరిపోయింది.

అయితే ఈ ఎంపీ3 ఉదంతం అవతలి పక్షానికీ వర్తిస్తుంది. మైక్రోసాఫ్ట్ డబ్బు కట్టి కూడా ఇరుక్కుంది. ఆపిల్ కోరుకున్న హెచ్.264 కోడెక్‌కు ఎంపీఈజీ ఎల్ఏ అనే సంస్థ ఇచ్చిన లైసెన్స్ కూడా తన జాబితాలోని పేటెంట్లకే వర్తించేది, బయటివాళ్ల దావాలకు పూచీపడేది కాదు. పైగా దాని ఖరీదు ఏడాదికి 50 లక్షల డాలర్ల దాకా ఉండేది. ఉచితంగా బ్రౌజర్ పంచే మొజిల్లా అంత కట్టినా, ఆ కోడ్‌ను తీసుకుని మార్చి పంచేవాళ్లకు ఆ లైసెన్స్ చెల్లేది కాదు. పేటెంట్ భయం నిజమే కానీ, దాన్ని థియోరా ఒక్కదాని మీదికే తోయడం న్యాయం కాదని నా అభిప్రాయం. నాణ్యతలో మాత్రం హెచ్.264దే పైచేయి, అందులో సందేహం లేదు.

2009 జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3.5 థియోరాతో వచ్చింది. ఆపిల్ బ్రౌజర్ సఫారీ హెచ్.264నే పట్టుకుంది. క్రోమ్ రెండూ ఆడించింది. రాజీ కుదరక ముసాయిదా సంపాదకుడు ఇయాన్ హిక్సన్ చేతులెత్తేశాడు. మరుసటి ఏడాది, థియోరా మీదికి వెళ్లేందుకు పేటెంట్‌దారులు కూడగట్టుకుంటున్నారని స్టీవ్ జాబ్స్ ఒక ఈమెయిల్లో రాశాడు. ఆ దండయాత్ర ఎన్నడూ జరగలేదు. స్వేచ్ఛా ఫార్మాట్లే స్వీకరించే వికీమీడియా కామన్స్‌లో మాత్రం థియోరా ఏళ్ల తరబడి నిలిచింది. తెలుగు వికీపీడియా వ్యాసాల్లోకి వీడియోలు వచ్చేదీ అక్కడి నుంచే.

2010లో గూగుల్ 12 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఆన్2నే కొనేసి, దాని వీపీ8 కోడెక్‌ను ఉచితంగా విడుదల చేసింది. ఎంపీఈజీ ఎల్ఏ వీపీ8 మీద పేటెంట్లున్నవాళ్లను రమ్మని పిలిచింది. 2013లో 11 మంది పేటెంట్‌దారుల తరఫున గూగుల్‌తో ఒప్పందం చేసుకుంది. 2018లో గూగుల్, మొజిల్లా, మైక్రోసాఫ్ట్, నెట్‌ఫ్లిక్స్ వంటివి కలిసి ఏవీ1 అనే కోడెక్‌ను తెచ్చాయి. ఒకప్పుడు భయపడిన ఆపిల్ కూడా ఆ కూటమిలో ఉంది. అయినా 2020లో సిస్వెల్ అనే సంస్థ ఏవీ1కు రాయల్టీ అడుగుతూ లైసెన్స్ పథకం పెట్టింది. పేటెంట్ల నుంచి కాచేది లైసెన్స్ పత్రంలోని మంచి మాటలు కావు, కోర్టులో ఏళ్ల తరబడి నిలబడగల డబ్బు. జిఫ్‌కు లేనిదీ అదే.

వాడేవాళ్లు దాదాపు లేరని, పాత కోడ్ భద్రతకు ముప్పని 2024లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ థియోరాను తీసేశాయి. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం ఇప్పటికీ ఏ వీడియో ఫార్మాట్‌నూ తప్పనిసరి చేయలేదు.