చేనిలో విషం, ఇంట్లో కుండ



గిల్గాలులో కరవుకాలంలో జరిగిన సంగతి మీకు తెలుసు (2 రాజులు 4:38-41). ఒకడు పొలానికి వెళ్ళి, తెలియని కాయలు కోసుకొచ్చి కుండలో వేశాడు. తింటున్నవారు కేక వేశారు. ఎలీషా ప్రవక్త పిండి వేసి వారిని కాపాడాడు.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేలలో నుండి కూడా విషం తెలియకుండానే ఇంటికి వస్తున్నది. దానిని మనం "మందు" అంటాము. 1987-88లో తెల్లదోమ పత్తిని నాశనం చేసినప్పుడు, అప్పులపాలైన రైతులు కొందరు ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. తాగితే చస్తారని అందరికీ తెలుసు. తాగకుండానే అది ఒంట్లోకి చేరుతుందని తెలిసినవారు తక్కువ.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి మందులు చర్మం గుండా రక్తంలో కలిసి నరాల పనిని చెడగొడతాయి. తలనొప్పి, చూపు మసకబారడం, ఒళ్ళంతా చెమట, నోట చొల్లు, వాంతులు, కండరాలు అదరడం దీని గుర్తులు. ఎండదెబ్బ అనుకొని మజ్జిగ తాగి పడుకుంటాము. ముదిరితే ఊపిరి ఆగిపోతుంది.

పంపు భుజాన వేసుకున్నవారికే ప్రమాదమనుకోవద్దు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పత్తి గ్రామాలలో పంటకాలమంతా పరిశీలన చేశారు. మందు కలిపి పంపులు నింపే స్త్రీలకు కూడా, కొట్టేవారితో సమానంగా ముప్పు ఉన్నదని తేలింది.

కనుక మందును చేతితో గాక కర్రతో కలపండి. చేతులకు తొడుగులు, ఒంటికి నిండు చేతుల చొక్కా వేసుకోండి. గాలికి ఎదురుగా కొట్టవద్దు. ఆ బట్టలు విడిగా ఉతకండి. పంపును కాలువలో కడగవద్దు. ఖాళీ డబ్బాను ఇంట్లో దేనికీ వాడవద్దు. గర్భిణులను, పిల్లలను ఆ చేలోకి పంపవద్దు. డబ్బామీద ఎర్ర త్రికోణం ఉంటే అది అన్నిటికంటే తీవ్రమైన విషం.

ఎవరికైనా కళ్ళు తిరిగితే బట్టలు తీసివేసి, సబ్బుతో ఒళ్ళు కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఈ రకం విషానికి అట్రోపిన్ అనే ఇంజక్షను ఉన్నది. ప్రార్థన చేయండి, ప్రార్థిస్తూనే బయలుదేరండి.

రైతు సహోదరులారా, రేపటి కూలి పోతుందని భయపడి మీ చేలో పనిచేసే సహోదరి తన బాధ దాచుకుంటుంది. ఆదివారం మీతోపాటు ప్రభువు బల్లలో పాలుపొందేది ఆమే. తొడుగులు, సబ్బు, నీళ్ళు మీరే సిద్ధం చేయండి. ఆమె నోరు తెరిచి చెప్పే ధైర్యం మీరే ఇవ్వండి. ఆనాడు కేక వేసినందుననే ప్రాణాలు దక్కాయి.