పదకొండున్నరకీ ఒంటిగంటకీ మధ్య

బెంగళూరులో బార్లూ పబ్బులూ రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉండొచ్చు. మెజెస్టిక్ నుంచి ఆఖరి మెట్రో మామూలు రోజుల్లో పదకొండున్నరకే వెళ్లిపోతుంది. ఈ నగరంలో రాత్రి భద్రత గురించి ఎవరు ఏ లెక్క చెప్పినా, నేను ముందు ఆ గంటన్నర సంగతి అడుగుతాను. మారతహళ్లి పీజీల్లో, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో అనంతపురం, కర్నూలు, చిత్తూరు నుంచి వచ్చిన మన పిల్లలు బోలెడంత మంది ఉన్నారు. శుక్రవారం రాత్రి చర్చ్ స్ట్రీట్‌లో స్నేహితులతో భోంచేసి బయటికొచ్చిన అమ్మాయి ఇంటికి ఎలా చేరుతుంది?

ఆటోనే అనుకుందాం. 2025 ఆగస్టు 1 నుంచి మీటరు మొదటి రెండు కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 18. పదిహేను కిలోమీటర్లకు పగలైతే 270. రాత్రి పది దాటితే మీటరు మీద సగం అదనం కాబట్టి 405. మీటరు వేసినప్పటి మాట ఇది. 2025 ఫిబ్రవరిలో మెట్రో చార్జీలు పెంచినప్పుడు కూడా ఎంత దూరానికైనా గరిష్ఠం 90 రూపాయలే. రైలు తప్పితే ఖర్చు నాలుగు రెట్లు దాటుతుందన్నమాట. ఖర్చుతోనే పోతే సర్దుకోవచ్చు. బేరం కుదిరేదాకా, బుక్ చేసిన క్యాబ్ రద్దయితే ఇంకోటి దొరికేదాకా ఫుట్‌పాత్ మీద నిలబడాలి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతుంటుంది. అసలు ప్రమాదం అక్కడుంది. ఆ ఫుట్‌పాత్ పబ్ యజమానిది కాదు. పోలీసు బండి అక్కడే ఆగి ఉండదు.

సొంత బండి తెచ్చుకున్నవాళ్ల లెక్క వేరు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించి ఆల్కహాల్ ఉంటే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 10 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శిక్ష గట్టిగానే పెట్టాం. బండి వదిలేసి వెళ్లాలనుకున్నవాడికి ఒంటిగంటకు దారి మాత్రం చూపలేదు.

ఈ వేళ ఒక్కసారిగా వచ్చింది కాదు. ఒకప్పుడు పదకొండున్నరకే షట్టర్లు దించేవారు. 2014లో శుక్ర, శనివారాలకు ఒంటిగంట అన్నారు, 2016లో వారమంతా అన్నారు. 2024 జూలైలో ప్రభుత్వం దాన్నే మళ్లీ నోటిఫికేషన్‌గా ఇచ్చింది. బార్ల వేళ పెరిగినంతగా రోజువారీ రైళ్ల వేళ పెరగలేదు.

2016 ఆఖరి రాత్రి ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డు జనంతో కిక్కిరిసిపోయాయి. దాదాపు 1,500 మంది పోలీసులను పెట్టామన్నారు. అంతమంది ఉండగానే గుంపులో ఆడపిల్లల మీద చేతులు పడ్డాయి. తర్వాత కొన్నాళ్లు చర్చంతా వాళ్ల బట్టల మీదికి మళ్లింది, అది ఇప్పటికీ బాధ కలిగిస్తుంది. అదే తెల్లవారుజామున, 2017 జనవరి 1న, కమ్మనహళ్లిలో ఒక యువతి ఆటో దిగి ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉండగా స్కూటర్ మీద వచ్చినవాళ్లు దాడి చేశారు. నిందితులను పోలీసులు కొద్ది రోజుల్లోనే పట్టుకున్నారు. వాళ్లకు ఆధారం దొరికింది వీధిలో ఒక ఇంటికి పెట్టుకున్న కెమెరాలో. ఊరి భద్రతకు పనికొచ్చే సాక్ష్యం సగం ప్రైవేటు గోడల మీదే ఉందని ఆ రాత్రి తేలిపోయింది.

అదే ఏడాది కర్ణాటక ప్రజా భద్రత చట్టం వచ్చింది. ఒకేసారి 100 మందిగానీ, రోజంతా కలిపి 500 మందిగానీ చేరే చోటైతే యజమానే కెమెరాలు పెట్టాలి, 30 రోజుల దృశ్యాలు దాచి ఉంచాలి, పోలీసులు అడిగితే ఇవ్వాలి. తెలుగువాళ్లకు ఇది పాత సంగతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2013లోనే ఇలాంటి చట్టం చేసింది. హైదరాబాద్ వీధుల్లో ‘నేను సైతం’ పేరుతో దుకాణదారులు, కాలనీవాళ్లు చందాలేసుకుని పెట్టించిన కెమెరాలకు వెనక ఉన్న దన్ను అదే.

ప్రభుత్వం తరఫు ఖర్చు పెద్దదే. నిర్భయ నిధి కింద ఎనిమిది నగరాలకు సేఫ్ సిటీ పథకం ఇస్తే, అందులో బెంగళూరు వాటా 667 కోట్లు. కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం, అంటే సుమారు 400 కోట్లు, 267 కోట్లు. ఈ డబ్బుతో 7 వేలకు పైగా కెమెరాలు, కమాండ్ సెంటర్, బటన్ నొక్కితే నేరుగా పోలీసులతో మాట్లాడే సేఫ్టీ ఐలాండ్‌లు వచ్చాయి. అంతకుముందు 2017 ఏప్రిల్‌లో 51 పింక్ హొయ్సళ పోలీసు గస్తీ వాహనాలను వీధుల్లోకి తెచ్చారు. ఇవన్నీ కావాల్సినవే. కానీ కెమెరా చూస్తుంది, చెయ్యి అడ్డం పెట్టదు. అడ్డం పెట్టగలిగేది అప్పుడు అక్కడ నిలబడి ఉన్న మనిషి.

పబ్ ముందు ఆ మనిషి బౌన్సర్. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005 నుంచి ఉంది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనల ప్రకారం గార్డుకు 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట, మొత్తం 160 గంటల శిక్షణ, కనీసం 20 పనిదినాలు. కండ చూసి ఉద్యోగం ఇచ్చే చోట ఈ 160 గంటలు ఎవరు లెక్కపెడుతున్నారు? లైసెన్సు కాగితం ఇచ్చే ముందు సర్కారు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదని నా అభిప్రాయం. తాగి తూలుతున్న కుర్రాడిని గుమ్మం బయటికి నెట్టేసి తలుపు మూస్తే పబ్ లోపల ప్రశాంతంగా ఉంటుంది, గొడవ ఫుట్‌పాత్ మీదికి మారుతుంది. వాడిని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, బండెక్కించి పంపడం కూడా శిక్షణలో భాగం కావాలి.

లోపలి సిబ్బందికీ పని ఉంది. ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో 2016లో ఒక చిన్న ఏర్పాటు మొదలైంది. ఇబ్బందిలో ఉన్న అమ్మాయి కౌంటర్ దగ్గరికి వెళ్లి ‘ఏంజెలా ఉందా?’ అని అడిగితే చాలు, సిబ్బంది విషయం గ్రహించి ఆమెను పక్కకు తీసుకెళ్లి క్యాబ్ పిలిపిస్తారు, లేదా పోలీసులకు చెబుతారు. అయ్యే ఖర్చు పోస్టర్లకూ శిక్షణకూ. ఆ మాట బార్‌లో ఉన్న ప్రతి ఉద్యోగికీ తెలిసుండాలి, లేకపోతే పోస్టర్ గోడకే మిగిలిపోతుంది.

వేళలు తగ్గించేస్తే సరిపోదా అని అడిగేవాళ్లున్నారు. సిడ్నీ ఆ దారి పట్టింది. 2014లో ఒంటిగంటన్నర దాటాక కొత్తవాళ్లను లోపలికి రానివ్వకూడదని, మూడింటికి మద్యం ఆపాలని నిబంధన పెట్టింది. ఆరేళ్లకు, 2020 జనవరిలో, నగర కేంద్రంలో చాలావరకు దాన్ని ఎత్తేసింది. వేళ ఏదైనా, అందరూ ఒకే నిమిషంలో రోడ్డెక్కితే అందరికీ ఒకేసారి బండి కావాలి. బెంగళూరులో ఒంటిగంటకు జరిగేది అదే.

ఇదంతా ఈ నగరానికి చేతకాదా అంటే, చేతనవునని ఏటా ఒక రాత్రి రుజువు చేస్తోంది. డిసెంబరు 31న ఎంజీ రోడ్డు, బ్రిగేడ్ రోడ్డుల్లోకి వాహనాలను రానివ్వరు. నడిచేవాళ్లు కావేరీ ఎంపోరియం వైపు నుంచి ఒపేరా హౌస్ కూడలి వైపే వెళ్లాలి, ఎదురు రాకూడదు. ఒకే దిక్కున నడిచే గుంపులో తోపులాట తగ్గుతుంది. మెట్రో రెండింటి దాకా నడుస్తుంది. పోలీసులు ముందే పబ్ యజమానులతో కూర్చుంటారు. 2024 ఆఖరి రాత్రికి నగరమంతటా 11 వేలకు పైగా పోలీసులను దించారు. 2016 నాటి 1,500తో దీన్ని నేరుగా పోల్చలేం, అది ప్రధానంగా ఎంజీ రోడ్డు ప్రాంతపు లెక్క. మిగిలిన 364 రాత్రుల్లో అంత బలగం ఎలాగూ సాధ్యం కాదు. కాబట్టి ఆ కూర్చుని మాట్లాడుకోవడమైనా మిగతా రోజులకు తెచ్చుకోవాలి. ఇప్పుడు దానికి కాస్త ఓపిక కావాలి. 2025 సెప్టెంబరులో నగరపాలిక ఐదు కార్పొరేషన్లు అయింది. పోలీసు, ఎక్సైజ్, అగ్నిమాపక శాఖలు, మెట్రో, బీఎంటీసీ ఎవరికి వారే.

మంటల సంగతి చెప్పకుండా ముగించలేను. 2017 డిసెంబరులో ముంబై కమలా మిల్స్‌లో 14 మంది పోయారు. పది రోజులకే, 2018 జనవరి 8న, బెంగళూరు కలాసిపాళ్యంలో ఒక బార్‌కు తెల్లవారుజామున నిప్పంటుకుని ఐదుగురు చనిపోయారు. ఐదుగురూ అక్కడే పడుకున్న పనివాళ్లు. 2025 డిసెంబరులో గోవా అర్పోరాలోని నైట్‌క్లబ్‌లో 25 మంది, వాళ్లలోనూ ఎక్కువమంది సిబ్బందే. రాత్రి భద్రత అనగానే మన కళ్ల ముందు కస్టమరే కనిపిస్తాడు. ఈ చావుల్లో కనిపించేది వడ్డించినవాళ్లు, గిన్నెలు కడిగినవాళ్లు.

వాళ్ల ఇంటిదారి మరీ ఆలస్యం. ఒంటిగంటకు తలుపు మూశాక గల్లా లెక్క చూసి, బల్లలు తుడిచి, వంటగది కడిగేసరికి రెండవుతుంది. పదిమందీ అంతకు మించి పనిచేసే దుకాణాలు 24 గంటలూ తెరవొచ్చని కర్ణాటక 2021లో ఆదేశం ఇచ్చినప్పుడు, రాత్రి ఎనిమిది దాటాక ఆడవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే పని చేయించాలని, వాళ్లకు రవాణా ఏర్పాటు చేయాలని షరతు పెట్టింది. బెంగళూరుకు ఇది కొత్త కాదు. 2005లో రాత్రి షిఫ్టుకు బయల్దేరిన ఒక కాల్‌సెంటర్ ఉద్యోగిని హత్యకు గురయ్యాకే ఐటీ కంపెనీలు క్యాబ్‌ల విషయంలో కట్టుదిట్టం చేశాయి. ఎవరిని ముందు ఎక్కించాలి, ఆఖరున ఆడమనిషి ఒంటరిగా మిగలకుండా ఎలా చూడాలి అన్న లెక్కలు ఈ నగరానికి బాగా తెలుసు.

చర్చ్ స్ట్రీట్ పొడవు కిలోమీటరు కూడా లేదు. ఆ కొసనుంచి ఈ కొసదాకా ఉన్న బార్లు తలా ఒక వ్యాను పెట్టుకునే బదులు కలిసి నాలుగైదు దారుల్లో వ్యాన్లు నడపొచ్చు: వైట్‌ఫీల్డ్ వైపు ఒకటి, యలహంక వైపు ఒకటి, కెంగేరి వైపు ఒకటి. ఒంటిగంటకు మొదటి ట్రిప్పు కస్టమర్లకు, టికెట్ పెట్టి. రెండింటికి రెండో ట్రిప్పు సిబ్బందికి, ఉచితంగా. బండి ఆగడానికి కార్పొరేషన్ వెలుతురున్న చోటు చూపాలి, అక్కడ రెండున్నర దాకా ఒక పోలీసును ఉంచాలి. మెట్రోను రోజూ ఒంటిగంటన్నర దాకా నడపమంటే, కరెంటు ఆపి పట్టాలు చూసుకునే వేళ తగ్గిపోతుందన్న ఇబ్బంది నిజమే. వ్యాన్లకు ఆ ఇబ్బంది లేదు. వచ్చే శుక్రవారమే మొదలుపెట్టొచ్చు.