రచ్చ గెలిచిన హెడ్‌ఫోను ఇంట గెలుచునా?

అండమాన్ దీవులలోని బంధువులతో 2020కి ముందు టెలిఫోనులో మాట్లాడిన శ్రీకాకుళం, విశాఖపట్నం వాసులకు ఒక చిక్కు బాగా పరిచితమైనదే. "అందరూ కులాసాయేనా?" అని ఇవతలివారు అడుగుతారు. బదులు రాదు. వినబడలేదు కాబోలునని మరల అడుగుతారు. సరిగా ఆ క్షణంలోనే మొదటి ప్రశ్నకు బదులు వచ్చి రెండవ ప్రశ్నతో ఢీకొంటుంది. ఇద్దరూ ఆగిపోతారు, ఇద్దరూ ఒక్కసారే మొదలుపెడతారు. ముఖ్యమైన మాట చెప్పకముందే సగం సమయం "హలో, హలో" అనడానికే చెల్లిపోయేది.

ఇది నాలుగు కుటుంబాల బాధ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల జనసంఖ్య 3 లక్షల 80 వేలు. అందులో నూటికి 13 మందికి మాతృభాష తెలుగు. చేపల వేటకు, కట్టడపు పనులకు, ఉద్యోగాలకు, వ్యాపారానికి ఉత్తరాంధ్ర తీరం నుండి ఓడలెక్కి వెళ్ళి స్థిరపడిన వారు వీరిలో అనేకులు.

లోపం మాట్లాడేవారిలో లేదు, వారి చేతిలోని పరికరంలోనూ లేదు. దీవులకు, ప్రధాన భూభాగానికి నడుమ ఆనాడు ఆధారమైనది భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహం. మాట అక్కడికి ఎక్కి దిగడానికి 72,000 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే రేడియో తరంగానికైనా దీనికి దాదాపు పావు సెకండు పడుతుంది. బదులు రావడానికి మరొక పావు సెకండు. సంభాషణ సాఫీగా సాగవలెనంటే ఒక వైపు జాప్యం 150 మిల్లీసెకండ్లు, అనగా సెకండులో సుమారు ఏడవ వంతు, మించకుండుట మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సిఫారసు. ఉపగ్రహ మార్గం ఆ హద్దును ఆకాశంలోనే దాటిపోతుంది.

2018 డిసెంబరు 30న పోర్ట్ బ్లెయిర్‌లో శంకుస్థాపన జరిగిన సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. చెన్నై నుండి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుండి స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున గాజు తీగ పరచుకొన్నది. ఖర్చు 1,224 కోట్ల రూపాయలు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మారినది. గాజు తీగలో కాంతి సెకండుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుండి దీవికి తీగ 1,500 కిలోమీటర్లని లెక్కించినా ప్రయాణం 8 మిల్లీసెకండ్లకు మించదు. నడుమ గల యంత్రాలు మరికొంత కలిపినా, పాత పావు సెకండు ముందు అది లెక్కలోనిది కాదు.

ఇక్కడ ఒక విచిత్రం జరిగినది. ఆకాశంలోని జాప్యం తొలగగానే చెవి దగ్గర గల జాప్యం బయటపడినది.

తీగ లేని వినికిడికి రెండు దారులు

నేడు తరగతులు వినే విద్యార్థులు, ఇంటి నుండి కచేరీ పని చేసే ఉద్యోగులు చెవులకు తగిలించుకొనే తీగలేని హెడ్‌ఫోన్లలో అధికభాగం బ్లూటూత్ పద్ధతిలో పనిచేస్తాయి. ఫోను శబ్దాన్ని కుదించి, మూటలుగా కట్టి పంపుతుంది. హెడ్‌ఫోను వాటిని అందుకొని, కొన్నింటిని నిలువ ఉంచుకొని, విప్పి వినిపిస్తుంది. ఈ కట్టడం, విప్పడంలో సాధారణంగా 150 నుండి 250 మిల్లీసెకండ్లు గడుస్తాయి. ఉపగ్రహపు పావు సెకండుకు ఇది ఇంచుమించు సమానం! 1,224 కోట్లు ఖర్చు చేసి సముద్రం మీద తగ్గించిన కాలాన్ని, కొన్ని వేల రూపాయల వస్తువు చెవి దగ్గర తిరిగి కలుపుతున్నదన్నమాట.

సినిమా చూసేటప్పుడు ఈ సంగతి తెలియదు. ఏలననగా, హెడ్‌ఫోను ఎంత ఆలస్యం చేస్తుందో ముందుగా గ్రహించి, బొమ్మను కూడ అంతసేపు ఆపి చూపే ఏర్పాటు ఫోనులో ఉన్నది. ఎదుటి మనిషితో మాట్లాడేటప్పుడు ఆ ఉపాయం చెల్లదు. ఆటలోనూ చెల్లదు. శత్రువు అడుగుల చప్పుడు పావు సెకండు తరువాత వినబడితే ఆటగాని పని అయిపోయినట్లే.

అందుచేతనే కంప్యూటరు ఆటల కొరకు హెడ్‌సెట్లు చేసేవారు వేరొక దారి ఎన్నుకొన్నారు. వారి హెడ్‌సెట్టుతో బొటనవ్రేలంత డాంగిల్ ఒకటి వస్తుంది. దానిని కంప్యూటరులో దూర్చితే, అది తన హెడ్‌సెట్టుతో మాత్రమే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. జాప్యం ఇంచుమించు 20 నుండి 40 మిల్లీసెకండ్లు. బ్లూటూత్ నడిచేదీ అదే తరంగాలపైనే కనుక తేడా తరంగంలో లేదు. మాట కట్టి విప్పే విధానంలో ఉన్నది. ఇటీవలి బ్లూటూత్ పద్ధతులలో జాప్యం తగ్గినమాట నిజమే గాని, ఫోను, హెడ్‌ఫోను రెండూ ఆ కొత్త పద్ధతికి చెందినవైతేనే లాభం.

రెండవ తేడాను కొనేవారు తరచుగా గమనించరు. సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోనులో పాట ఇంపుగా వినిపిస్తూ ఉంటుంది. మైకు పని మొదలు కాగానే అదే హెడ్‌ఫోను పాతకాలపు టెలిఫోను గొంతు పలుకుతుంది. శబ్దం రెండు వైపుల నడవవలసి వచ్చినప్పుడు బ్లూటూత్ తన నాణ్యతను తగ్గించుకొనుటయే దీనికి కారణం. డాంగిల్ పద్ధతిలో ఇంతటి పతనం ఉండదు. పైగా ఆట హెడ్‌సెట్టులో మైకు ఒక చిన్న కొమ్మ చివర నోటి దగ్గరకు వచ్చి నిలుస్తుంది. రేకుల కప్పు మీద వాన హోరెత్తుతున్నప్పుడు, పక్కింట జనరేటరు మ్రోగుతున్నప్పుడు నోటికి జానెడు దూరాన గల మైకు కంటె రెండంగుళాల దూరాన గలది మాటను ఎంతో స్పష్టంగా పట్టుకొంటుంది. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడే దీవులలో ఇది చిన్న సుగుణం కాదు.

ఆటకు తెచ్చిన రేడియో

ఆట కొరకు తెచ్చిన వినికిడి సాధనం అవసరానికి నిలబడిన సంఘటన ఈ దీవుల చరిత్రలో ఒకటి ఉన్నది. అమెచ్యూర్ రేడియో అభిమానులకు అరుదైన ప్రాంతాలతో సంబంధం కలుపుకొని లెక్క పెంచుకొనడం ఒక విధమైన క్రీడ. అండమాన్ అటువంటి అరుదైన చోటు. 1987లో అక్కడి నుండి ప్రసారం చేసిన శ్రీమతి భారతి ప్రసాద్, ఆ తరువాత ఏళ్ళ తరబడి అనుమతి కొరకు ప్రయత్నించి, 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందంతో మరల పోర్ట్ బ్లెయిర్ చేరుకొన్నారు. వీయూ4ఆర్‌బీఐ అనే సంకేతనామంతో ప్రపంచపు నలుమూలల గల అభిమానులతో సంభాషణలు సాగుతుండగా, డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా తీరాన 9.1 తీవ్రత గల భూకంపం వచ్చినది. వెంట సునామీ వచ్చినది. టెలిఫోన్లు మూగవోయినవి. క్రీడకు తెచ్చిన ఆ రేడియోలే దీవుల క్షేమ సమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసినవి. కొద్ది రోజులలో కార్ నికోబార్‌లో కూడ అమెచ్యూర్ రేడియో కేంద్రం వెలసినది.

అట్టి రేడియోలో వినబడే గొంతు పరిధి సుమారు 300 నుండి 3,000 హెర్ట్జ్ మాత్రమే. అందులో మృదంగపు గుంభనం లేదు, తంబురా రొద లేదు. మాట మాత్రం ఉన్నది. మాట అర్థమగుటకు అంత చాలును. అసలు హెడ్‌ఫోను పుట్టుకలోనే ఈ సంగతి ఉన్నది. 1910లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో నథానియల్ బాల్డ్విన్ తన వంటింటిలో తయారుచేసిన హెడ్‌ఫోన్లను ఆ దేశపు నౌకాదళం కొన్నది సంగీతం కొరకు కాదు, వైర్‌లెస్ వార్తలు వినడానికి.

ఆట హెడ్‌సెట్టు బలహీనత ఇక్కడే బయటపడుతుంది. ఆటలో ప్రేలుళ్ళు గుండెలదరేలా వినబడాలని దీనిలో మంద్రస్థాయి శబ్దాన్ని కావాలని పెంచుతారు. ఆ మంద్రం మాటలోని హల్లులను కప్పివేస్తుంది. 'స'కు 'ష'కు, 'త'కు 'ప'కు తేడా తెలియజేసే సన్నని శబ్దాలు వెనుకబడతాయి. ఉపాధ్యాయుని మాట డొల్లుగా, కుండలోనుండి వచ్చినట్లు వినబడుతుంది. శబ్దపు పాళ్ళు మార్చుకొనే వీలు గల హెడ్‌సెట్టయితే మంద్రం తగ్గించి, మాట స్థాయి కొంచెం పెంచుకొనవచ్చును. ఆ వీలు కంప్యూటరులోని ప్రత్యేక ప్రోగ్రాముకే పరిమితమా, హెడ్‌సెట్టులోనే నిలిచి ఫోనుకు తగిలించినప్పుడు కూడ పనిచేస్తుందా అన్నది కొనేముందే విచారించాలి. ఇక చెవికప్పుల మీద వెలిగే రంగు దీపాల సంగతి: తగిలించుకొన్నవారికి అవి ఎన్నడూ కనబడవు, బ్యాటరీ మాత్రం వారిదే కరుగుతుంది.

ఉప్పుగాలి పరీక్ష

వస్తువుల గుణదోషాలను నిర్ణయించేవారు చల్లని గదులలో కూర్చొని చేసే పరీక్షలలో తేమకు చోటు తక్కువ. అండమాన్‌లో ఏడాది పొడుగునా గాలి తేమతో నిండి ఉంటుంది. ఆట హెడ్‌సెట్ల బరువు సాధారణంగా 250 నుండి 350 గ్రాములు. చెవిని పూర్తిగా మూసే కప్పుల లోపల పావుగంటలో చెమట పడుతుంది. ఆ కప్పులకు అంటించే తోలువంటి పొర అసలు తోలు కాదు, పాలీయురేథేన్. వేడి, తేమ కలిసినప్పుడు దాని అణుబంధాలు క్రమంగా తెగిపోయి, పొలుసులుగా రాలుతుంది. నల్లని పొలుసులు చెంపలకు, చొక్కా కాలరుకు అంటుకొనుట ఎరిగినవారికి ఎరుకే. గుడ్డ మెత్తలు గలదానిని ఎన్నుకొనడం, ఊడదీసి మార్చుకొనే మెత్తలేనా అని చూసుకొనడం తీరప్రాంతం వారికి ధ్వని నాణ్యత కంటె ముందు విచారించవలసిన విషయాలు.

చార్జింగు తీగ దూర్చే రంధ్రం మరొక మర్మస్థానం. ఉప్పుగాలికి, చెమటకు దానిలోని లోహపు పెదవులు చిలుమెక్కుతాయి. చెమటకు, తుంపరకు తట్టుకొంటామని హామీ ఇచ్చే గుర్తు వ్యాయామపు హెడ్‌ఫోన్ల మీద కనబడుతుంది గాని, ఆట హెడ్‌సెట్ల మీద అరుదు. గదిలో బల్ల ముందు కూర్చొనేవారి కొరకు చేసిన వస్తువు అది. వాడిన తరువాత పొడిగుడ్డతో తుడిచి, తేమను పీల్చే సిలికా పొట్లాలు వేసిన మూతడబ్బాలో ఉంచితే ఆయువు పెరుగుతుంది.

బ్యాటరీ సంగతి కూడ దీవి లెక్కలోనే చూడాలి. లిథియం బ్యాటరీలను విమానంలో సరుకుగా పంపుటకు ప్రత్యేక నిబంధనలు కలవు. మరమ్మతుకు పంపిన వస్తువు సముద్రం దాటి వెళ్ళి, సముద్రం దాటి రావాలి. కావున బ్యాటరీ ఉడిగినా తీగ తగిలించి వాడుకొనే వీలు గల హెడ్‌సెట్టు, ఆ వీలు లేనిదాని కంటె నాలుగు వందలు ఎక్కువైనా చౌకే.

వినకూడనంత, వినవలసినంత

ఆటలు, చెవుల ఆరోగ్యం గురించి 2024లో ప్రచురితమైన ఒక సమీక్ష 9 దేశాలకు చెందిన 14 అధ్యయనాలను, 50 వేలకు మించిన జనాన్ని పరిశీలించినది. ఆటగాళ్ళు వినే శబ్దస్థాయి పలుమార్లు సురక్షితమైన హద్దును సమీపిస్తున్నదని, దాటుతున్నదని కూడ అది తేల్చినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు; 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే. పది డెసిబెల్స్ పెంచితే వ్యవధి పదవ వంతుకు పడిపోతుంది! పగలు తరగతులకు, సాయంత్రం పాటలకు, రాత్రి ఆటకు ఒకే హెడ్‌సెట్టు వాడే కుర్రవానికి ఈ గంటలన్నీ ఒకే ఖాతాలో జమ అవుతాయి. చెవిని బాగా మూసే కప్పులకు ఇక్కడ ఒక మంచి పేరు దక్కుతుంది: బయటి చప్పుడు తగ్గుతుంది కనుక శబ్దం పెంచవలసిన అవసరం తగ్గుతుంది.

అయితే ఆ మూతే మరొక విధంగా ప్రమాదం. హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, 2007 అక్టోబరు నుండి సునామీ ముందస్తు హెచ్చరికలు జారీ చేస్తున్నది. హెచ్చరిక హైదరాబాదు నుండి దీవికి చేరడానికి క్షణాలు చాలు. కాని నికోబార్ దీవులు భూకంప రేఖకు అతి సమీపాన ఉన్నవి. అలలు చేరడానికి పట్టే వ్యవధి నిమిషాలలోనే ఉంటుంది. భూమి అదురు, పొరుగువారి కేక, సైరను — చివరి గజం దూరాన వీటిని అందుకోవలసినది మనిషి చెవియే. కొన్ని హెడ్‌సెట్లలో బయటి శబ్దాన్ని లోనికి వినిపించే మీట ఉంటుంది. ఆట కొరకు చేసినవాటిలో అది సామాన్యం కాదు. తీరాన నివసించేవారు తరగతి, సమావేశం వింటున్నంతసేపు ఒక చెవికప్పును చెవి వెనుకకు జరిపి ఉంచుకొనడం మేలు. వీధిలో నడుస్తూ, బండి నడుపుతూ, పడవ మీద ఈ వస్తువును అసలే తగిలించుకొనరాదు.

ఇక కొనుట ఎవరికి తగును? బల్ల, కంప్యూటరు, రోజుకు మూడు నాలుగు గంటల సంభాషణ గలవారికి డాంగిల్‌తో పాటు బ్లూటూత్ కూడ గల ఆట హెడ్‌సెట్టు నిస్సందేహంగా తగినది. ధరలో సమానమైన సంగీతపు హెడ్‌ఫోన్ల కంటె మాటకు ఇది మెరుగు. డాంగిల్ మొన తమ ఫోనుకు సరిపోవునో లేదో అంగడిలోనే చూసుకోవాలి. పాటలు మాత్రమే వినేవారికి దీనితో పనిలేదు. ఫోను పట్టుకొని ఇల్లంతా తిరుగుతూ మాట్లాడే గృహిణికి, చెవులు మూసుకొనుట గిట్టని పెద్దలకు, తీగతో కూడిన చిన్న ఇయర్‌ఫోను చాలును. దానికి బ్యాటరీ లేదు, జాప్యమూ లేదు. మైకు కూడ తీగ మీద గడ్డం దగ్గరే వ్రేలాడుతూ ఉంటుంది.