ఎదుగుతున్న మెదడు, గర్భనిరోధక మాత్ర

సింగపూర్‌లో గర్భనిరోధక మాత్ర మొదట తల్లుల కోసం వచ్చింది. 1949లో ఏర్పడిన కుటుంబ నియంత్రణ సంఘం స్వచ్ఛందంగా సాగించిన పనిని 1966లో ప్రభుత్వ జనాభా మండలి చేపట్టింది. ‘ఇద్దరితో ఆపండి’ అన్న ప్రచారం 1972లో ఊపందుకునే నాటికి ఆ మాత్ర ఇళ్లలో పరిచిత వస్తువైంది. అంతకుముందు 1956లో ప్యూర్టోరికోలో జరిగిన తొలి పెద్ద ప్రయోగాల్లో పాల్గొన్నవారు కూడా అప్పటికే పిల్లలను కన్న స్త్రీలే. నేడు అదే రకం మాత్రను మొటిమలకూ, తీవ్రమైన నెలసరి నొప్పికీ, పీసీఓఎస్ అని పిలిచే అండాశయ సమస్యకూ పదిహేను, పదహారేళ్ల బాలికలకు సైతం వైద్యులు రాస్తున్నారు. పెద్దల శరీరాల మీద పరీక్షించిన మందు ఇంకా రూపుదిద్దుకుంటున్న మెదడును చేరుతోందన్న సంగతి శాస్త్రవేత్తల దృష్టిని గట్టిగా ఆకర్షించింది ఇటీవలి కాలంలోనే.

కౌమారంలో మెదడు పరిమాణం పెద్దగా పెరగదు గానీ, దాని అల్లిక మారుతుంది. నాడీకణాల మధ్య అంతగా వాడుకలో లేని సంధులు తొలగిపోతాయి, మిగిలిన నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చేరి సంకేతాల వేగాన్ని పెంచుతుంది. ఆలోచననూ ఆవేశాన్నీ అదుపుచేసే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనుక భాగం, ఇరవై ఏళ్లు దాటాక గానీ పరిపక్వం కాదు. ఈ నిర్మాణంలో అండాశయాల హార్మోన్లకు పాత్ర ఉందనీ, గర్భస్థ దశ తరువాత మెదడును అవి శాశ్వతంగా మలచగల రెండో దశ యౌవనారంభమేననీ పరిశోధకులు షెరిల్ సిస్క్, జూలియా జెర్ 2005లో వాదించారు. మాత్రలోని కృత్రిమ ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్‌లు మెదడులోని హైపోథాలమస్, పిట్యూటరీ గ్రంథి సంకేతాలను తగ్గించి అండం విడుదలను ఆపుతాయి. దాంతో శరీరం స్వయంగా తయారుచేసుకునే ఈస్ట్రడయోల్, ప్రొజెస్టిరాన్‌ల నెలనెలా హెచ్చుతగ్గులు అణగిపోతాయి. ప్రొజెస్టిరాన్ నుంచి పుట్టి మెదడును శాంతపరిచే అల్లోప్రెగ్నెనలోన్ అనే పదార్థం కూడా తగ్గుతుంది. మాత్ర ప్రభావం గర్భాశయం దగ్గర ఆగిపోదని చెప్పడానికి ఈ ఒక్క మార్గమే చాలు.

ఎదుగుతున్న మెదడుపై మాత్ర ప్రభావం ఏమిటన్న ప్రశ్నకు బలం చేకూర్చిన అధ్యయనం డెన్మార్క్‌ది. 15 నుంచి 34 ఏళ్ల లోపు పది లక్షలమందికి పైగా స్త్రీల వైద్య రికార్డులను పరిశీలించి 2016లో ప్రచురించిన ఆ పరిశోధనలో, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్న మిశ్రమ మాత్ర వాడేవారు తొలిసారి డిప్రెషన్ మందులు మొదలుపెట్టే రేటు వాడనివారికన్నా మొత్తంమీద 23 శాతం, 15–19 ఏళ్లవారిలో ఏకంగా 80 శాతం ఎక్కువగా కనిపించింది. చిన్న వయసులో పెరిగిన ఈ తేడానే అసలు గమనించవలసినది. అయితే ఇది సాహచర్యమే తప్ప కారణానికి రుజువు కాదు: మాత్ర కోరి వచ్చే బాలికల్లో నొప్పి, మొటిమల వల్ల కలిగే కుంగుబాటు, తొలి ప్రేమ సంబంధాల ఒత్తిడి ముందే ఉండవచ్చు. పైగా సాపేక్ష శాతం పెద్దదిగా కనిపించినా, మాత్ర వాడే బాలికల్లో అధికులకు ఇటువంటి ఇబ్బంది రాదు. కౌమారంలో వచ్చే అవాంఛిత గర్భం మనసుకూ చదువుకూ చేసే హాని మాత్రం అనుమానం లేనిది. కాబట్టి భయపెట్టి మాత్ర మాన్పించడం బాధ్యతారాహిత్యమే అవుతుంది.

జవాబు దొరకాలంటే మాత్ర మొదలుకాకముందు మెదడు ఎలా ఉందో తెలిసి ఉండాలి. ఆ విషయంలో సింగపూర్‌కు అరుదైన సంపద ఉంది. గస్టో అనే జన్మ సమూహ అధ్యయనంలో 2009 నుంచి కేకే ఆసుపత్రి, నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రులలో వెయ్యిమందికి పైగా చైనీస్, మలయ్, భారతీయ గర్భిణులను చేర్చుకుని, వారి బిడ్డలను పుట్టిన నాటి నుంచీ గమనిస్తున్నారు. వారిలో కొందరికి పసితనంలోనే, ఆ తరువాతి బాల్యంలోనూ ఎంఆర్‌ఐ స్కానింగులు జరిగాయి. ఆ పిల్లలు ఇప్పుడు కౌమారంలో ఉన్నారు. యూరోపియన్ బాలికల రికార్డుల నుంచి తీసిన నిర్ధారణలను ఆసియా బాలికలకు అలాగే వర్తింపజేయకుండా, హార్మోన్ మందులు వాడినవారినీ వాడనివారినీ వారి సొంత బాల్యంతోనే పోల్చి చూసే అవకాశం ఇక్కడ ఉంది. దాన్ని వదులుకోకూడదు.

సింగపూర్‌లోని తెలుగు కుటుంబాలు మరొకటి కూడా గుర్తించాలి. వ్రతానికో పెళ్లికో అడ్డు రాకుండా నెలసరిని వాయిదా వేయడానికి బాలికలకు ఇచ్చే నోరెథిస్టిరోన్ కూడా ప్రొజెస్టిన్ కుటుంబానిదే. కొద్ది రోజుల వాడకాన్ని ఏళ్ల తరబడి సాగే మాత్రతో సమానం చేయలేం గానీ, బంధువుల సలహాపై చేతికందే మందు కాదది. సింగపూర్‌లో గర్భనిరోధక మాత్రకు వైద్యుని చీటీ తప్పనిసరి. ఆ సంప్రదింపులోనే బాలికకు లేదా కుటుంబంలో ఎవరికైనా డిప్రెషన్ ఉందేమో అడగడం, మొదటి కొన్ని నెలలు నిద్ర, ఏడుపు, చదువుపై శ్రద్ధ ఎలా మారుతున్నాయో తల్లీకూతుళ్లు కలిసి రాసుకోవడం, మార్పు కనిపిస్తే మోతాదు లేదా రకం మార్చమని లేదా గర్భనిరోధం కోసమైతే గర్భాశయంలో అమర్చే హార్మోన్ లేని రాగి ఐయూడీ వంటి ప్రత్యామ్నాయం చెప్పమని వైద్యుని కోరడం నేడే చేయగలిగిన పనులు.